కుక్క నోట్లో గడ్డ: దవడ ముక్క తీసేయాల్సిందేనా? తీస్తే తింటుందా, ప్లేటు వేయాలా?

హన్మకొండ నుంచి ఒకరు అడిగిన ప్రశ్న ఇది. తొమ్మిదేళ్ల మగ ల్యాబ్రడార్. కింది దవడలో కుడి కోరపన్ను వెనకాల చిగురు మీద గులాబీ రంగు గడ్డ లేచింది. రెండు నెలల కింద దాన్ని కోసి తీసేశారు కానీ ముక్కను పరీక్షకు పంపలేదు. ఇప్పుడు అదే చోట మళ్లీ వచ్చింది, దాదాపు 2.5 సెంటీమీటర్లు. నోరు వాసన వస్తోంది, నీళ్ల గిన్నెలో రక్తపు చారలు కనిపిస్తున్నాయి. ఇంకో డాక్టరు చూసి దవడ ముందు భాగమే తీసేయాలన్నారు. వీళ్ల ప్రశ్నలు మూడు: అంత పెద్ద ఆపరేషన్ నిజంగా అవసరమా, దవడ పోతే "బువ్వ ఎట్ల తింటడు", పోయిన బొక్క (ఎముక) చోట లోహపు ప్లేటు వేసి దవడ మళ్లీ కట్టొచ్చా.

ముందు సూటిగా చెప్పేస్తాను. చిగురు మీద పుట్టిన చాలా రకాల గడ్డలకు సరైన వైద్యం దాని కింది బొక్కతో సహా తీసేయడమే. మీ వాడికి కోరపన్ను, దాని వెనక ఒకటి రెండు పళ్లు ఉన్న దవడ ముక్క పోతుంది. అయినా తింటాడు. ఎక్కువ కుక్కలు మర్నాడో ఆ మర్నాడో మెత్తటి తిండి ముట్టుకుంటాయి. మీరు చెప్పిన చోటులో ప్లేటు అవసరం దాదాపు రాదు. కానీ బయాప్సీ (ముక్క పరీక్ష) రిపోర్టు, ఛాతీ ఎక్స్‌రే చేతికి రాకుండా మాత్రం దవడ మీద కత్తి పెట్టనివ్వొద్దు.

పైపైన కోస్తే ఎందుకు తిరిగొచ్చింది? చిగురుకు, కింది బొక్కకు మధ్య కండ అంటూ ఏమీ ఉండదు, కొన్ని మిల్లీమీటర్ల పొర మాత్రమే. ఇక్కడి గడ్డల్లో కొన్ని అసలు పంటిని బొక్కకు పట్టి ఉంచే పొర నుంచే మొదలవుతాయి. బయటికి కనిపించే భాగాన్ని చదునుగా కోసేస్తే పంటి గూట్లో వేరు అలాగే ఉంటుంది. ఎక్స్‌రేలో బొక్క బాగానే ఉందని ధైర్యపడొద్దు. ఖనిజంలో దాదాపు 40 శాతం కరిగాక గానీ ఎక్స్‌రేలో తేడా తెలియదు. సీటీ స్కాన్ దీనికంటే చాలా ముందే చూపిస్తుంది. ఇంకో మాట, ఒకసారి కోసి వదిలేసిన చోట మచ్చ పడి హద్దులు చెరిగిపోతాయి కాబట్టి రెండోసారి ఇంకా ఎక్కువ తీయాల్సి వస్తుంది. మొదటి ఆపరేషన్‌లో దొరికే అవకాశం మళ్లీ దొరకదని నేను గట్టిగా నమ్ముతాను. గడ్డ చిన్నగా ఉన్నప్పుడే ముక్క పరీక్షకు పంపమని అందరినీ బతిమాలేది అందుకే.

మన దగ్గర దీనికన్నా ముందు చూసుకోవాల్సింది ఒకటుంది. టీవీటీ. కుక్కల్లో సంగమం వల్ల, నాకడం, వాసన చూడటం వల్ల అంటుకునే గడ్డ ఇది. బయట తిరిగే కుక్కల్లో మామూలే. ముక్కులో, నోట్లో కూడా వస్తుంది. ముట్టుకుంటే రక్తం కారుతూ, కాలీఫ్లవర్‌లా పెరిగి, చూడ్డానికి అచ్చం క్యాన్సర్‌లా భయపెడుతుంది. గడ్డకు గాజు పలక అద్ది రంగు వేసి మైక్రోస్కోప్ కింద చూస్తే, లోపల బుడగలున్న గుండ్రటి కణాలు గుంపుగా కనిపిస్తాయి. ఇది తేలితే దవడ కోయాల్సిన పనే లేదు. విన్‌క్రిస్టిన్ అనే క్యాన్సర్ మందు వారానికోసారి, కిలో బరువుకు 0.025 మిల్లీగ్రాము, సిరలోకి మాత్రమే ఇస్తే నాలుగు నుంచి ఆరు వారాల్లో చాలామటుకు కరిగిపోతుంది. ప్రతి మోతాదుకు ముందు తెల్ల కణాలు లెక్కపెట్టించాలి. మందు సిర బయటికి చుక్క జారినా ఆ చోట చర్మం, కండ చచ్చిపోతాయి కాబట్టి అలవాటున్న చేత్తోనే ఇప్పించాలి. మీ వాడు గేటు దాటి తిరిగే అలవాటున్నవాడైతే ఈ స్మియర్ మొదటి రోజే చేయించండి. ఖర్చు తక్కువ, దవడ మిగలొచ్చు.

బయాప్సీ ఎలా తీయాలి. మత్తులో, నోటి లోపలి నుంచే తీయాలి. పెదవి చర్మం మీంచి ఎప్పుడూ తీయొద్దు. అలా తీస్తే ఆ దారంతా కణాలు చల్లినట్టవుతుంది, రేపు కోసిన చోటు మూయడానికి పనికొచ్చే పెదవి కూడా కోసేయాల్సి వస్తుంది. పై పొర పుండుపడి కుళ్లి ఉంటుంది, అక్కడి ముక్క పంపితే "వాపు, ఇన్ఫెక్షన్" అని మాత్రమే రిపోర్టు వస్తుంది. 6 లేదా 8 మిల్లీమీటర్ల గొట్టంలాంటి పంచ్‌తో గానీ బ్లేడుతో గానీ లోతుగా తీయాలి. కాటరీ (కరెంటుతో కాల్చి కోసేది) వాడితే కణాలు కాలి పాథాలజిస్టుకు ఏమీ కనపడదు. ముక్క ఎంతుంటే దానికి పదింతల 10 శాతం ఫార్మలిన్‌లో వేయాలి. చిన్న సీసాలో పెద్ద ముక్క కుక్కితే మధ్యలో కుళ్లిపోతుంది. పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి రిపోర్టు ఫారంతో పంపండి. బయాప్సీ పుండు మానిపోయాక అసలు హద్దు ఎక్కడో సర్జన్‌కు ఆ ఫొటోనే చెబుతుంది.

గులాబీ రంగులో ఉంది కాబట్టి మెలనోమా (రంగు కణాల క్యాన్సర్) కాదనుకోవద్దు. నోటి మెలనోమాల్లో దాదాపు మూడో వంతుకు నల్ల రంగు ఉండదు. అనుమానం మిగిలితే అదే ముక్క మీద ఇమ్యూనో స్టెయిన్ (కణం రకాన్ని పట్టిచ్చే ప్రత్యేక రంగు పరీక్ష) అడగాలి.

దీంతోపాటు దవడ కింద రెండు వైపులా లింఫ్ గ్రంథులకు సూది పెట్టి చూడాలి, గడ్డ ఉన్న వైపు మాత్రమే కాదు. గ్రంథి మామూలు సైజులోనే ఉంది కదా అని వదలకూడదు, మెలనోమాలో చిన్న గ్రంథిలోనూ క్యాన్సర్ దొరుకుతుంది. చేతికి కాస్త పెద్దగా, మెత్తగా తగిలేది లాలాజల గ్రంథి. లింఫ్ గ్రంథులు దానికి కొంచెం ముందు, చిక్కుడు గింజల్లా జారుతూ తగులుతాయి. లాలాజల గ్రంథికి సూది పెట్టి "క్యాన్సర్ లేదు" అని రాసిచ్చిన రిపోర్టులు తక్కువేమీ కాదు. ఛాతీకి మూడు కోణాల్లో ఎక్స్‌రే తీయాలి: కుడి పక్క, ఎడమ పక్క, వెల్లకిలా. ఒక్క ఫిల్మ్‌తో ఊపిరితిత్తుల్లోని చిన్న మచ్చ తప్పిపోతుంది.

ఎంత తీయాలనేది రిపోర్టును బట్టే. అకాంథోమాటస్ అమెలోబ్లాస్టోమా (పన్ను పుట్టించే కణాల నుంచి వచ్చే గడ్డ) అయితే ఎక్కడికీ పాకదు, బొక్కను మాత్రం తింటుంది. చుట్టూ 1 సెంటీమీటరు ఆరోగ్యమైన కణజాలంతో తీస్తే సాధారణంగా అక్కడితో అయిపోతుంది. స్క్వామస్ సెల్ కార్సినోమాకు (నోటి పై పొర కణాల క్యాన్సర్) కనీసం 1 సెంటీమీటరు, వీలైతే ఇంకొంచెం. మెలనోమాకు 2, ఫైబ్రోసార్కోమాకు (పీచు కణజాలపు క్యాన్సర్) 2 నుంచి 3. ఫైబ్రోసార్కోమాలో ఒక మోసకారి రకముంది. మైక్రోస్కోప్ కింద అమాయకంగా, మామూలు పీచు కణజాలంలా ఉంటుంది, నోట్లో మాత్రం రాక్షసంగా పెరుగుతుంది. గోల్డెన్ రిట్రీవర్ల పై దవడలో ఎక్కువ. రిపోర్టులో "లో గ్రేడ్", అంటే నెమ్మది రకం, అని ఉండి గడ్డ వారం వారం పెరుగుతుంటే గడ్డనే నమ్మండి.

ఫలితాల సంగతి. 142 కుక్కల్లో కింది దవడ భాగం తీసిన ఫలితాలు 1991లో అచ్చయ్యాయి. ఏడాది తర్వాత బతికున్నవి అకాంథోమాటస్ రకంలో 98 శాతం, స్క్వామస్ సెల్‌లో 91, ఫైబ్రోసార్కోమాలో 50, మెలనోమాలో 21. ఒకే ఆపరేషన్‌కు ఇంత తేడా ఉందంటే రిపోర్టు ఎందుకంత ముఖ్యమో అర్థమవుతుంది. మెలనోమాలో దవడ దగ్గర గెలిచినా ఊపిరితిత్తుల దగ్గర ఓడిపోతాం.

ఇప్పుడు ఆపరేషన్. కింది కోరపన్ను వేరు మీరనుకున్నదానికన్నా చాలా పొడవు. దవడ లోపల వెనక్కి పోయి రెండో ప్రీమోలార్ (కోరపన్ను వెనకుండే చిన్న పళ్లలో రెండోది) కిందిదాకా ఉంటుంది. గడ్డ కోరపన్ను వెనకే ఉంది కాబట్టి ఆ పన్ను మిగిల్చి కోయడం కుదరదు. సగం తెగిన వేరు లోపల మిగిలితే చీము పడుతుంది. రిపోర్టు 1 సెంటీమీటరు సరిపోతుందని చెబితే, ముందు వైపు రెండు దవడలు కలిసే గీత దగ్గర, వెనక మూడో ప్రీమోలార్ చుట్టుపక్కల కోత పడుతుంది. గడ్డ మధ్య గీతకు దగ్గరగా పాకి ఉంటే అవతలి వైపు ముందు పళ్లు కూడా పోతాయి.

పళ్లు శుభ్రం చేసి 0.12 శాతం క్లోర్‌హెక్సిడిన్‌తో నోరు కడగాలి. గొంతులో గాజుగుడ్డ పెట్టాలి, చివర్లో లెక్కపెట్టి తీయాలి. మొత్తం మత్తుతో పాటు దవడ నరాన్ని మొద్దుబార్చే బుపివకైన్ బ్లాక్ తప్పకుండా ఇవ్వాలి. ఒక్కో చోట 1 మిల్లీలీటరు లోపే చాలు, అన్ని చోట్లా కలిపి కిలోకు 2 మిల్లీగ్రాములు దాటకూడదు. ఇన్ఫెక్షన్ రాకుండా సెఫజోలిన్ కిలోకు 22 మిల్లీగ్రాములు కోతకు ముందు, మళ్లీ గంటన్నరకు. కోత గీతను మార్కర్‌తో గీసుకుని, చిగురును బ్లేడుతో కోయాలి. కాటరీతో కోసిన అంచులు సరిగా మానవు, కుట్లు విడిపోతాయి. బొక్కను రంపంతో కోసేటప్పుడు సెలైన్ పోస్తూ ఉండాలి, వేడెక్కిన బొక్క చచ్చిపోతుంది. దవడ లోపలి కాలువలో ధమని ఉంటుంది. అందుకే మొత్తం ఒకేసారి తెంపకుండా పై పొర కోసి, మెల్లగా విరిచి, ధమనిని కళ్లతో చూసి కట్టాలి. అలా కట్టకపోతే అది కాలువలోకి ముడుచుకుపోయి పట్టుకోవడం కష్టమవుతుంది. తర్వాత బొక్క అంచును అరగదీసే బర్‌తో గుండ్రంగా చేయాలి, పదునుగా వదిలితే పై పొరను లోపలి నుంచి కోసేస్తుంది.

ఆపరేషన్ నిలబడేది మూతలోనే. పెదవి లోపలి పొరను నాలుక కింది పొరకు కలిపి రెండు వరుసల్లో కుడతారు. దారం 3-0 లేదా 4-0, కరిగిపోయే ఒంటి పోగు రకం. లాగి కుట్టిన కుట్టు నోట్లో నిలవదు. అవసరమైతే బొక్కకు సన్నని రంధ్రాలు చేసి వాటి గుండా కుడితే లాగుడు తగ్గుతుంది. నాలుక కింద లాలాజల నాళాల నోళ్లు కుట్టులో పడితే కొన్నాళ్లకు అక్కడ నీటి తిత్తిలా ఉబ్బుతుంది. తీసిన ముక్క అంచులకు ఇంకు పూసి మొత్తంగా పాథాలజీకి పంపాలి. బొక్కను మెత్తబరిచాకే కోయాలి కాబట్టి రిపోర్టు ఆలస్యమవుతుంది, కంగారు పడొద్దు.

ఇక ప్లేటు. మనిషికి దవడ ముక్క పోతే కాలి బొక్క తెచ్చి కడతారు, మరి కుక్కకు ఎందుకు వద్దంటున్నాను? కుక్క నమలడం తక్కువ, మింగడం ఎక్కువ. దవడ ముందు భాగం లేకపోయినా నాలుకతో తిండి లోపలికి తీసుకోగలదు. నోరు ఎప్పుడూ సూక్ష్మజీవులతో నిండి ఉంటుంది, లోహం ఉంటే ఇన్ఫెక్షన్ పోదు. పైన కప్పడానికి మెత్తటి పొర సరిపోక ప్లేటు బయటపడుతుంది, బొక్క లేకుండా ఒట్టి ప్లేటు వేస్తే రోజూ కదిలి మరలు వదులవుతాయి. పైగా గడ్డ తిరిగొస్తే లోహం నీడలో కనపడదు. దవడ మధ్య భాగం తీసినప్పుడు దవడలు పక్కకు జరగకుండా టైటానియం ప్లేటు, బొక్కను పెంచే ప్రొటీన్ నానబెట్టిన స్పాంజి లాంటి పదార్థం కలిపి వేసే పద్ధతి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్‌లో వృద్ధి చేశారు. కొత్త బొక్క పెరుగుతుంది, ఫలితాలు బాగుంటాయి. బొక్క కోయకముందే ప్లేటును వంచి మరల చోట్లు గుర్తించుకుంటేనే పళ్ల వరస సరిగ్గా కూర్చుంటుంది. కానీ అది శుభ్రమైన అంచులు ఖాయమనుకున్న కుక్కకు, ఆ ప్రొటీన్ దొరికే చోట, ఖర్చు భరించగలిగినవారికి. దవడ ముందు భాగానికి మాత్రం ఆ డబ్బు సీటీకి, మంచి మత్తు వైద్యానికి పెట్టండి.

ప్లేటు లేనందువల్ల వచ్చే ఇబ్బంది ఒకటుంది. మిగిలిన దవడ మెల్లగా కోసిన వైపుకు జరుగుతుంది. అప్పుడు మిగిలిన వైపు కింది కోరపన్ను అంగిలికి గుచ్చుకుని పుండు చేయొచ్చు. నెల రోజుల చెకప్‌లో అంగిలి తప్పకుండా చూడాలి. గుచ్చుకుంటే పన్ను పీకేయాలి, లేదా పొట్టిగా కోసి లోపలి గుజ్జును మందుతో మూయాలి. ఊరికే అరగదీసి వదిలితే గుజ్జు తెరుచుకుని చీము పడుతుంది. రెండు వైపులా ముందు దవడ తీసినవాటికి నాలుక బయటికి వేలాడి సొంగ కారుతుంది. పెదవుల మూలలను ముందుకు జరిపి కుడితే చాలా తగ్గుతుంది. మీ వాడికి ఒక వైపే కాబట్టి గడ్డం కొంచెం పక్కకు వంగినట్టు కనిపిస్తుంది, అంతే.

పై దవడ గడ్డలవారూ ఇది చదువుతారు కాబట్టి రెండు మాటలు. అక్కడ రక్తస్రావం ఎక్కువ, ముక్కుకు నోటికి మధ్య గోడ పోతుంది. పెదవి లోపలి పొరను జరిపి మూస్తారు. కుట్లు ఎక్కువగా మొదటి వారంలోనే విడిపోతాయి, ముఖ్యంగా కోరపన్ను చోటి దగ్గర. విడిపోయిందని మర్నాడే మళ్లీ కుట్టించొద్దు, వాచిన కణజాలం దారాన్ని పట్టుకోదు. నాలుగు నుంచి ఆరు వారాలు ఆగి, వాపు తగ్గాక కొత్త పొర జరిపి మూయాలి.

ఆపరేషన్‌కు ముందు మన దగ్గర తప్పక చూడాల్సింది ప్లేట్‌లెట్లు. ఉత్తర తెలంగాణలో పిడుదుల జ్వరం లేని వీధి ఉండదు. ఆ జ్వరం తెచ్చే సూక్ష్మజీవి ఎర్లీకియా లోపల దాగి ఉన్న కుక్క పైకి ఆరోగ్యంగానే ఉంటుంది, టేబుల్ మీద రక్తం ఆగదు. ప్లేట్‌లెట్లు తక్కువుంటే జ్వరం తగ్గించి, సంఖ్య పెరిగాకే దవడ ముట్టుకోవాలి. 30 కిలోల కుక్క ఒంట్లో సుమారు రెండున్నర లీటర్ల రక్తం ఉంటుంది, అర లీటరు పోతే ప్రమాదమే. 25 కిలోలు దాటిన, టీకాలు వేయించిన, పిడుదుల జ్వరం లేదని పరీక్షలో తేలిన దాత కుక్కను ముందే మాట్లాడి పెట్టుకోండి. పై దవడ ఆపరేషన్‌కైతే ఇది తప్పనిసరి.

ఎక్కడ చేయించాలి? స్మియర్, బయాప్సీ, ఎక్స్‌రే వరంగల్‌లోనే అవుతాయి, వాటికోసం ప్రయాణం అక్కర్లేదు. పీవీ నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం కింద మామునూరు, కోరుట్ల, రాజేంద్రనగర్‌లలో కళాశాలలున్నాయి. ఏ దవాఖానకైనా ముందు ఫోన్ చేసి ఇవి అడగండి: గ్యాస్ మత్తు ఉందా, మత్తు చూసుకోవడానికి వేరే మనిషి ఉంటారా, బొక్క కోసే పవర్ రంపం ఉందా, రక్తం ఎక్కించగలరా, తీసిన ముక్క అంచులు పాథాలజీకి పంపుతారా. ఇందులో రెండింటికి "లేదు" అని వస్తే హైదరాబాద్ వెళ్లండి, సుమారు 150 కిలోమీటర్లే. ఎండాకాలమైతే తెల్లవారుజామునే బయల్దేరండి.

ఇంటికొచ్చాక. మొదటి రోజు నుంచే చిన్న చిన్న మెత్తటి ముద్దలు చేత్తో తినిపించండి. ఉడికించి మెత్తగా చేసిన కోడి మాంసం కలిపిన జొన్న గట్క గానీ, అన్నం ముద్ద గానీ బాగా పనికొస్తుంది. ఇంటి కూరల్లోవి పెట్టొద్దు, ఉల్లి వెల్లుల్లి కుక్కకు విషం. బొక్కలు, బంతులు, కర్రలు నాలుగు వారాలు దగ్గరికి రానివ్వొద్దు. మెడకు కోన్ రెండు వారాలు. నొప్పికి మెలోక్సికామ్ మొదటి రోజు కిలోకు 0.2, తర్వాత రోజుకోసారి 0.1 మిల్లీగ్రాము, అదీ కిడ్నీ పరీక్ష బాగుంటేనే, తిండి తర్వాతే. మనం వేసుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ మాత్రలు అస్సలు వేయొద్దు, కడుపులో పుండ్లు పడి రక్తం కక్కి చనిపోతాయి. రెండు రోజులు దాటినా ఏమీ ముట్టకపోతే అలక అనుకోవద్దు, నొప్పి మందు చాలడం లేదని అర్థం.

సొంగతో తడిసిన గడ్డం మీద ఈగ వాలితే ఒక్క రోజులో పురుగులు పడతాయి. మానే గాయంలో పురుగులు పడితే ఆపరేషనంతా వృథా. రెండు వారాలు ఇంట్లోనే, జాలీ ఉన్న గదిలో ఉంచండి, తిన్న ప్రతిసారీ గడ్డం తడి గుడ్డతో తుడిచి ఆరబెట్టండి. కుట్ల మీద వేలు పెట్టొద్దు. వాసన పెరిగినా, తిండి ముక్కులోంచి వచ్చినా, కుట్టు దగ్గర బొక్క తెల్లగా కనిపించినా ఆ రోజే తీసుకెళ్లండి.

ఆపరేషన్ వద్దని నేనే చెప్పే సందర్భాలున్నాయి. ఊపిరితిత్తుల్లో మచ్చలు వచ్చేసినవి, గడ్డ గొంతు వైపు లేదా నాలుక మొదలుకు పాకినవి, టాన్సిల్‌లో పుట్టిన స్క్వామస్ సెల్ కార్సినోమా. వాటికి నొప్పి తగ్గించి, తినగలిగినన్ని రోజులు హాయిగా ఉంచడమే వైద్యం. నీళ్లు కూడా తాగలేని రోజు వస్తే బాధపెట్టకుండా సాగనంపడం మీ ప్రేమలో భాగమే, అందులో తప్పేమీ లేదు.

అంచుల రిపోర్టు శుభ్రంగా వస్తే ఒకటో నెల, మూడో నెల, ఆ తర్వాత మూడు నెలలకోసారి నోరు, దవడ కింది గ్రంథులు చూపించండి. మెలనోమా అయితే ప్రతిసారీ ఛాతీ ఎక్స్‌రే కూడా. "అంచుల్లో కణాలున్నాయి" అని వస్తే గడ్డ మళ్లీ కనిపించేదాకా ఆగొద్దు, గాయం మానగానే ఇంకొంచెం బొక్క తీయించండి. రిపోర్టు రాగానే రకం పేరు, అంచుల కొలత ఇక్కడ రాయండి, ఎంత తీయాలో చూసి చెబుతాను.